యూజినాల్ వేసినా రంగు మారుతోంది, ఎందుకు?

వ్యాఖ్యాత: చెప్పండమ్మా, లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. లవంగ నూనెలోని యూజినాల్‌ను కాండిడా ఆల్బికన్స్ అనే శిలీంధ్రం మీద పరీక్షిస్తున్నాను. పెరుగుదల కనిపించలేదు. కానీ కణాల జీవక్రియను చూపే రెసజురిన్ అనే నీలి రంగు వేస్తే గులాబీ రంగు వచ్చింది. జీవక్రియ ఇంకా నడుస్తున్నట్టేనా?

నిపుణురాలు: ఆ రంగును అప్పుడే నమ్మకండమ్మా. రెసజురిన్ నీలం నుంచి గులాబీకి మారాలంటే దానికి ఎలక్ట్రాన్లు అందాలి. అవి కణం ఇచ్చినవో, మందు ఇచ్చినవో దానికి తెలియదు. యూజినాల్ ఫీనాల్ జాతిది. ఈ జాతివి కొన్ని కణాలు లేకపోయినా రంగు మార్చేస్తాయి. కణాలు లేకుండా మీడియం (కణాలను పెంచే ద్రవం), మందు, రంగు మాత్రమే ఉన్న వరస పెట్టారా?

శ్రోత: లేదండీ.

నిపుణురాలు: ముందు అది పెట్టండి. అక్కడ నీలంగానే ఉంటే, మీకొచ్చిన గులాబీ కణాల పనే, అంటే అవి బతికున్నట్టు. ప్లేటులోని ప్రతి గుంట నుంచీ 10 మైక్రోలీటర్లు సబురో అగార్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీ) మీద వేసి, 35 డిగ్రీల్లో 48 గంటలు ఉంచి చూడండి. పెరగకపోవడం వేరు, చావడం వేరు.

శ్రోత: మందు వేయని పక్క గుంటల్లోనూ పెరుగుదల తగ్గింది.

నిపుణురాలు: అది యూజినాల్ ఆవిరి పని. ప్లేటుకు సీలు వేయండి, కంట్రోలు, అంటే మందు లేని గుంటలు, వేరే ప్లేటులో పెట్టండి. మందును కరిగించే డీఎంఎస్ఓ చివరికి 1 శాతం దాటకూడదు.

శ్రోత: మరి జీవక్రియను నేరుగా చూడాలంటే?

నిపుణురాలు: ప్రోటాన్ పంపును చూడండి, చక్కటి పరీక్ష, పీహెచ్ మీటరు చాలు. కాండిడా ఏటీపీ అనే శక్తి అణువును ఖర్చుపెట్టి ఈ పంపుతో ప్రోటాన్లను బయటికి తోస్తుంది, ఆ తేడాతోనే చాలా పోషకాలను లోపలికి లాక్కుంటుంది. యూజినాల్ కణపొరలో చేరి, అక్కడుండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని తగ్గిస్తుంది, ఈ పంపునూ మందగింపజేస్తుంది. ఫ్లూకోనజోల్ అనే శిలీంధ్రాల మందు అయితే ఎర్గోస్టెరాల్ తయారీలో ఒక్క ఎంజైమునే అడ్డుకుంటుంది.

చురుగ్గా పెరుగుతున్న కణాలను నీళ్లతో రెండుసార్లు కడగండి. 0.1 గ్రాము కణాలను 5 మిల్లీలీటర్ల ద్రావణంలో కలపండి: 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్, 0.1 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్. పీహెచ్ 7కు సర్ది, మందు కలిపి, గ్లూకోజ్ వేసి, నిమిషానికోసారి అరగంట రాసుకోండి. మందు లేని చోట పంపు ప్రోటాన్లను బయటికి తోస్తుంది కాబట్టి పీహెచ్ బాగా పడిపోవాలి.

శ్రోత: కంట్రోలులోనే పడకపోతే?

నిపుణురాలు: కణాలు ముదిరిపోయి ఉంటాయి, లేదా సరిగా కడగలేదు. ఆర్‌పీఎంఐ అనే మీడియంలోని మాప్స్ బఫర్ కాస్త మిగిలినా పీహెచ్‌ను కదలనివ్వదు. మందు మాత్రం పెరుగుదల ఆపే మోతాదుకు సగమే వాడండి. చచ్చిన కణంలో పంపు ఎలాగూ ఆగిపోతుంది కదా!