అప్పుడూ అభ్యంతరం చెప్పారు

అందరికీ నమస్కారం. పాత టీవీ కార్యక్రమాల్లో ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా అనిపించే వాటి గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు, "ఆ రోజులు అలాంటివండీ, అప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు" అంటారు. ఇందులో రెండో ముక్క నిజం కాదు. నా గొడవంతా దానితోనే.

అమెరికాలో "ఏమోస్ ఎన్ యాండీ" అని ఒక హాస్య కార్యక్రమం ఉండేది. 1928లో రేడియోలో మొదలైనప్పుడు ఇద్దరు తెల్లవాళ్లు నల్లజాతీయుల యాస పెట్టి మాట్లాడేవారు. 1951లో సీబీఎస్ అనే ప్రసార సంస్థ దాన్ని టీవీకి తెచ్చింది, ఈసారి నల్లజాతి నటులతోనే. అదే ఏడాది ఎన్ఏఏసీపీ, అంటే నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడే సంస్థ, దీన్ని ఎందుకు ఆపాలో వివరిస్తూ ఒక ప్రకటన అచ్చువేసింది. అందులో వాదన ఎంత సూటిగా ఉందో చూడండి. ఈ కార్యక్రమంలో నల్లజాతి లాయరు పిరికివాడు, వృత్తి తెలియనివాడు, నీతిలేనివాడు. డాక్టరు దొంగవైద్యుడు. మిగతావాళ్లంతా పని తప్పించుకు తిరిగేవాళ్లే. దేశమంతా చూసే టీవీలో నల్లజాతీయుల్ని మంచిగా చూపించే కార్యక్రమం ఇంకొక్కటీ లేదు. కాబట్టి తెల్లవాళ్లు ఇది చూసి మొత్తం జాతి ఇంతే అనుకుంటారు.

ఈ చివరి మాటే కీలకం. ఒక లాయరు పాత్రను వెధవలా రాస్తే తప్పేమీ లేదు. తెల్ల లాయర్లలో వెధవలు టీవీలో కావలసినంతమంది ఉన్నారు, కాకపోతే వాళ్ల పక్క చానెల్లో మంచి లాయరూ ఉండేవాడు. అందరినీ వెక్కిరించాం కదా, వీళ్లనీ వెక్కిరించాం అనేవాళ్లు ఈ తేడా చూడరు. సీబీఎస్ దాన్ని 1953లో ఆపేసింది కానీ, పాతవి 1966 దాకా పునఃప్రసారం అవుతూనే ఉన్నాయి.

బ్రిటన్ సంగతి ఇంకా విడ్డూరం. తెల్ల గాయకులు మొహానికి నల్లరంగు పూసుకుని పాడే "బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో"ను బీబీసీ 1958 నుంచి 1978 దాకా నడిపింది. దానికి అంతర్జాతీయ అవార్డు కూడా వచ్చింది. 1967లో దాన్ని ఆపమని జాతివివక్ష వ్యతిరేక ఉద్యమకారులు పిటిషన్ ఇచ్చారు. అప్పుడు బీబీసీ పెద్దల్లో ఒకాయన లోపలి నోట్‌లో ఏం రాశాడంటే, నల్లజాతీయులకు వాళ్ల స్నేహితులు ఇవ్వదగ్గ సలహా ఇదట: మీ బాధ అర్థమైంది, కానీ మీ మంచికే చెబుతున్నాం, దయచేసి నోరు మూసుకోండి. తప్పని ఎవరికీ తోచకపోతే ఇలాంటి సలహాతో పనేముంది? ఆ షో మాత్రం ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు నడిచింది.

మరి ఉద్దేశం మంచిదైతేనో? "ఆల్ ఇన్ ది ఫ్యామిలీ" అనే అమెరికన్ హాస్య సీరియల్ 1971లో మొదలైంది. అందులో ఆర్చీ బంకర్ జాత్యహంకారి, అతణ్ని నవ్వులపాలు చేయడమే రచయితల పని. 1974లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, మనసులో వివక్ష ఎక్కువున్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకున్నారు, వాదనలో గెలిచేది అతనే అనుకున్నారు. అలాగని దాన్ని మూలన పడేయమని నేననను. నాకు చాలా ఇష్టమైన కార్యక్రమం అది.

ఇక ఈ కాలానికొస్తే, 2020 జూన్‌లో అమెరికాలో జాతివివక్ష మీద నిరసనలు చెలరేగడంతో కంపెనీలన్నీ ఒక్కసారిగా కంగారుపడ్డాయి. "గోల్డెన్ గర్ల్స్" అనే హాస్య సీరియల్లో 1988 నాటి ఎపిసోడ్ ఒకటి హులూ అనే ఆన్‌లైన్ వీడియో సంస్థ తీసేసింది. ఇద్దరు స్త్రీలు మొహానికి మట్టి ప్యాక్ వేసుకుని ఉండగా, పెళ్లి సంబంధం మాట్లాడటానికి నల్లజాతి కుటుంబం వస్తుంది. ఇది మట్టేనండీ, మేం నిజంగా నల్లవాళ్లం కాదు అంటూ వాళ్లు తడబడతారు. జోకు వాళ్ల ఇబ్బంది మీదే. ఆ ఎపిసోడ్ మొత్తం పెళ్లి విషయంలో రెండు కుటుంబాల పట్టింపుల గురించే. చూసినవాళ్లెవరూ దీన్ని మిన్‌స్ట్రెల్ షో పక్కన కూర్చోబెట్టరు.

డిస్నీ 2025లో మాటలు మార్చేదాకా కొన్ని పాతవాటి ముందు హెచ్చరిక వేసేది, ఇవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని. తీసేయడం కంటే అది నయం. కానీ అక్కడితో ఆగకూడదు. అప్పుడు తప్పని ఎవరన్నారు, ఏ ఏడాది అన్నారు, వాళ్లకి ఏం జవాబు వచ్చింది, అదీ తెర మీద వేయాలి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ఆనాటి కాగితాలు ఎటూ భద్రంగా ఉన్నవే. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు, అడగండి.