సైకిల్ హెల్మెట్ రివ్యూ: తలకు కుదిరిందో లేదో తెలుసుకోవడం ఎలా?

నమస్కారం. ఈ రోజు మనం పరిశీలిస్తున్నది వెనుక డయల్, చెవుల కింద జరుపుకునే క్లిప్పులు, గడ్డం కింద బకిల్ ఉన్న ఒక మధ్యస్థ ధర సైకిల్ హెల్మెట్. లోపలి స్టిక్కర్ మీద ఈఎన్ 1078 అన్న యూరోపియన్ ప్రమాణం, 55–59 సెంటీమీటర్లు అన్న కొలత ముద్రించి ఉన్నాయి. ఆ ప్రమాణం ప్రకారం తల నమూనాకు హెల్మెట్ తొడిగి, సుమారు మీటరున్నర ఎత్తు నుంచి చదునైన దిమ్మె మీద పడవేసి పరీక్షిస్తారు. ప్రయోగశాలలో దాన్ని సరిగ్గా బిగించేవారు ఉంటారు. రోడ్డు మీద ఆ బాధ్యత మనదే. అందుకే బరువు, రంగుల సంగతి పక్కన పెట్టి, ఇది తలకు కుదిరే తీరునే చూపిస్తున్నాను.

కొనడానికి ముందు టైలర్ టేపును కనుబొమ్మలకు కాస్త పైనుంచి, తల వెనుక ఉబ్బెత్తుగా ఉండే భాగం మీదుగా చుట్టి కొలవండి. 55 కంటే తక్కువ వస్తే ఈ సైజు మీకు పనికిరాదు. డయల్ తిప్పితే బిగుసుకుంటుంది కదా అనిపించవచ్చు గానీ, అది బిగించేది లోపలి ప్లాస్టిక్ పట్టీని మాత్రమే. దెబ్బను తీసుకునే థర్మోకోల్ జాతి గట్టి నురుగుకూ తలకూ మధ్య ఖాళీ అలాగే మిగిలిపోతుంది. కొలత సరిపోయినా ఆకారం కుదరకపోవచ్చు. నుదుటి మీదా వెనుకా నొక్కుతూ పక్కల వదులుగా ఉంటే, మీ తల కోలగా ఉందనీ, ఈ అచ్చు గుండ్రని తలకు చేసినదనీ గ్రహించి మరో మోడల్ చూడండి.

పెట్టుకున్నాక హెల్మెట్ నేలకు సమాంతరంగా, కనుబొమ్మలకు రెండు వేళ్ల ఎడంలో ఉండాలి. గాలి తగలాలని దాన్ని వెనక్కి తోసి పెట్టుకునేవారు చాలామంది కనిపిస్తారు. ముందుకు పడితే నేలకు తగిలే నుదురే అప్పుడు రక్షణ లేకుండా బయట ఉంటుంది. ఎత్తుగా కొప్పు వేసుకున్నా హెల్మెట్ సమంగా కూర్చోదు కాబట్టి, మెడ దగ్గర వదిలిన జడే మేలు.

తరువాత పట్టీలు. ముందు, వెనుక పట్టీలు రెండూ చెవి తమ్మెకు కాస్త కింద కలిసేలా పక్క క్లిప్పును జరపండి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు పట్టేంత సందు చాలు. ఇప్పుడు నోరు బాగా తెరవండి. హెల్మెట్ కొద్దిగా కిందికి లాగినట్టు తెలియాలి. ముందు అంచును అరచేతితో పైకి నెట్టినప్పుడు నుదురు బయటపడితే, ముందు పట్టీ ఇంకా వదులుగా ఉన్నట్టే. ఈ హెల్మెట్‌లో పక్క క్లిప్పులు గట్టిగా పట్టి ఉంటున్నాయి, నాకు బాగా నచ్చిన అంశం ఇదే.

సౌకర్యం విషయానికి వస్తే, ఇంట్లోనే పావుగంట పెట్టుకుని చూడండి. నుదుటి మీద ఒకే చోట ఎర్రటి గుర్తు పడితే డయల్ కాస్త వదులు చేయండి; అయినా నొప్పి తగ్గకపోతే ఆకారమే సరిపోలేదు. మన ఎండలకు ప్యాడ్లు చెమటతో త్వరగా నానిపోతాయి. వాటిని ఊడదీసి సబ్బునీళ్లతో ఉతికి, నీడలో ఆరబెట్టండి. పెంకును థిన్నర్, పెట్రోల్ వంటి వాటితో తుడవకూడదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఎదిగే పిల్లలు కదా అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనవద్దు. పడిన క్షణంలో వదులు హెల్మెట్ పక్కకు జరిగిపోతుంది. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి పగులు కనిపించకపోయినా, మార్చివేయాలి. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ మునుపటిలా దెబ్బను తీసుకోలేదు.

తల చుట్టుకొలత 56 నుంచి 58 సెంటీమీటర్ల మధ్య ఉండి, గుండ్రని తల ఉన్నవారికి ఈ హెల్మెట్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. 55 లేదా 59 దగ్గర ఉన్నవారు మాత్రం దుకాణానికి వెళ్లి, పక్క సైజు కూడా పెట్టుకుని చూశాకే కొనండి.