కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు

శ్రోతలకు నమస్కారం. కంప్యూటర్ ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి కదులుతోందంటే, బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు పాతబడిందనుకుని చాలామంది కొత్తదాని బేరానికి దిగుతారు. ఆ పదీ ఇరవై వేలు తీసే ముందు కంప్యూటరు వెనక్కి వంగి చూడండి. మానిటర్ కేబుల్‌ను పైభాగంలోని మదర్‌బోర్డు సాకెట్‌లో పెట్టి ఉంటే, కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డు సాకెట్‌కు మార్చండి. సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ మానిటర్ కూడా ఒక్కోసారి విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో సరిచేయాలి.

పది నిమిషాలు బాగా నడిచి, ఆ తర్వాత నెమ్మదిస్తోందా? ముందు వేడిని అనుమానించండి. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద జీపీయూ, అంటే కార్డులోని చిప్, ఉష్ణోగ్రత చూడండి. 70, 75 డిగ్రీలు మామూలే. 85 దగ్గర నిలిచిపోతే చాలా కార్డులు చిప్ కాలకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కళింగపట్నం, బారువ వంటి తీరప్రాంతాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడి తేమకు దుమ్ము పొడిగా ఉండదు, చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య ముద్దగా పేరుకుంటుంది, నోటితో ఊదితే పోదు. ప్లగ్ తీసేసి మెత్తని బ్రష్‌తో దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ చెడుతుంది.

ఇక డ్రైవరు, అంటే విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. కొత్తది వేసిన రోజు నుంచే తేడా వచ్చిందంటే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే చాలు. పాత డ్రైవరు ముక్కలు మిగిలి గొడవ చేస్తుంటే మాత్రం డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే ఉచిత సాధనం కావాలి. ముందు కార్డు తయారీదారు సైటు నుంచి డ్రైవరు దింపి పెట్టుకుని, ఇంటర్నెట్ తీసేసి, విండోస్‌ను కనీస సాఫ్ట్‌వేర్‌తో తెరిచే సేఫ్ మోడ్‌లో డీడీయూతో పాతదాన్ని తుడిచి, రీస్టార్ట్ చేసి, దింపుకున్న డ్రైవరును వేయండి. ఇంటర్నెట్ ఉంటే ఆ సందులో విండోస్ తన దగ్గరున్న డ్రైవరును ఎక్కించేస్తుంది. శ్రమంతా మళ్లీ మొదటికొస్తుంది.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడండి. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆ ఆటకు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

ఇన్ని చేసినా లాభం లేకపోతే ఒక్క పరీక్ష ఉంది. ఆటలో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు, అంటే సెకనుకు వచ్చే బొమ్మలు, పెరిగితే బరువు కార్డు మీదే ఉంది. ఆట సెట్టింగ్స్‌లో షాడోలు తగ్గించండి, కార్డు మెమరీ నిండుతుంటే టెక్స్‌చర్లు కూడా. పెరగకపోతే అడ్డు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో. ఒకే 8 జీబీ ర్యామ్ ముక్కతో నడిచే యంత్రానికి అలాంటిదే మరొకటి జోడించి, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన జత స్లాట్లలో పెట్టి చూడండి. కొత్త కార్డు ధరతో పోలిస్తే అయ్యే ఖర్చు చాలా తక్కువ.