అంకణానికి 24 గజాలా, ఎనిమిదా?

నమస్కారం. నెల్లూరులో ఇళ్ల స్థలాలను అంకణాల్లో కొలుస్తారు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఒక లెక్క నా చెవిన పడుతూనే ఉంటుంది. "అంకణం అంటే 72 అడుగులు. గజానికి మూడడుగులు. కాబట్టి అంకణానికి 24 గజాలు." వినడానికి బాగానే ఉంది, కానీ తప్పు. ఎనిమిది గజాలే! 20 అంకణాల స్థలాన్ని 480 గజాలనుకుని గజం లెక్కన డబ్బు కడితే ఏమవుతుంది? అక్కడున్నది 160 గజాలే. మూడింతలు పోసినట్టు. అందుకే నాకు ఇంత బాధ.

(కెమెరా నేల మీదికి)

ఇదిగో, సుద్దముక్కతో ఒక అంకణం గీశాను. అడ్డం 6 అడుగులు, నిలువు 12. ఇప్పుడు గజం బద్దతో కొలుస్తాను. అడ్డంగా రెండు గజాలు, నిలువుగా నాలుగు. రెండు నాలుగులు ఎనిమిది. గమనించారా? మూడుతో రెండుసార్లు భాగించాం. వెడల్పుకొకసారి, పొడవుకొకసారి. అంటే తొమ్మిదితో. మాటల్లో 'చదరపు' అనే పదాన్ని మింగేస్తున్నాం, దాంతోపాటే ఆ రెండో మూడూ పోతోంది.

అంకణం నాకెంతో ఇష్టమైన మాట. స్తంభాల మధ్య చోటుకు ఆ పేరు. ఇంట్లో పుట్టిన కొలత అది. అయితే తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే, అక్కడ కొనేవారు ముందు ఆ సంగతి అడగండి. మన లెక్కలో సెంటుకు ఆరు అంకణాల పైచిలుకు, ఎకరానికి సరిగ్గా 605.

ఇప్పుడు ఈ గీతల మీదే గోడలు లేపి, గజం లోతు తొట్టి కట్టామనుకోండి. 72 మూళ్లు 216 ఘనపుటడుగులు. లోతు కూడా వచ్చింది కాబట్టి మూడుతో మూడోసారీ భాగించాలి, అంటే 27తో. ఎనిమిది ఘనపు గజాలు. నీళ్లు పోస్తే ఆరు వేల లీటర్ల పైనే పడతాయి.

సమయం అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. సోమశిల జలాశయం పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, మొత్తం 7,800 కోట్లు. మీటరుకు 3.28 అడుగులు కదా అని ఒక్కసారే భాగిస్తే 2,378 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయి. మన తొట్టిలాగే మూడుసార్లు భాగించండి. సుమారు 221 కోట్లు. పదింతలకు పైగా తేడా! ఇక ధాన్యం కొలిచే పుట్టి, దాని 850 కిలోల సంగతి వచ్చే వీడియోలో.