అదును, పదును: యుక్రెయిన్ నేల మీద దాడులు ఎక్కడ సాగాయి, ఎక్కడ దిగబడ్డాయి

[విజువల్: నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి చేను. వాన వెలిసిన మర్నాడు. ట్రాక్టర్ వెనక చక్రం సగం దాకా మట్టిలో.]

నమస్తే అండీ. ఈ చక్రం చూశారా? నిన్న సాయంత్రం దిగబడింది, ఇంకా బయటికి రాలేదు. "వాన వెలిశాక రెండ్రోజులు ఆగరా అంటే విన్లా నువ్వు" అని మా బాబాయ్ పొద్దున్నుంచీ తిడుతూనే ఉన్నాడు. తప్పు నాదే. దున్నే షాట్ కావాలని తొందరపెట్టి దింపించాను. దున్నే షాట్ రాలేదుగానీ, ఈ వీడియోకి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

ఇవాళ్టి విషయం యుక్రెయిన్ యుద్ధం. అందులోనూ నేల మీద జరిగిన పెద్ద దాడులు. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు ఎవర్ని బెదిరించారు అన్న సంగతులు టీవీ చానళ్లకి వదిలేద్దాం.

రేగడిలో సేద్యం చేసేవాళ్లకి అదును, పదును అంటే చెప్పక్కర్లేదు. విత్తే కాలం దాటకూడదు, మట్టిలో తడి ఎక్కువా తక్కువా కాకూడదు. ఆ రెండూ కుదిరినా డీజిల్, విత్తనం, కూలీలు వేళకి రాకపోతే పని కాదు. ట్యాంకులతో ముందుకెళ్లే సైన్యం గతీ అంతే. ఆ యుద్ధంలో సాగిన దాడికీ, ఆగిన దాడికీ తేడా చాలాసార్లు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

[మ్యాప్: బెలారస్, కీవ్]

2022 ఫిబ్రవరి 24. రష్యా ఉత్తరాన బెలారస్ నుంచి కీవ్ మీదికి, తూర్పున ఖార్కివ్ మీదికి, దక్షిణాన 2014 నుంచీ తన చేతిలోనే ఉన్న క్రిమియా నుంచి పైకి ఒకేసారి కదిలింది. మొదటి రోజే కీవ్ పక్కన హోస్తోమెల్ విమానాశ్రయంలో హెలికాప్టర్లతో సైనికుల్ని దించింది. రన్‌వే చేతికొస్తే పెద్ద విమానాల్లో బలగాల్ని తెచ్చి, కొద్ది రోజుల్లో రాజధానిని పట్టేయాలన్నది ప్లాన్. యుక్రెయిన్ ఫిరంగులు ఆ రన్‌వేని కొడుతుండటంతో విమానాలు దిగలేదు.

ఇక మిగిలింది రోడ్డు. కీవ్‌కి ఉత్తరాన ఆగిపోయిన రష్యా వాహనాల వరస దాదాపు 64 కిలోమీటర్లు ఉందని ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. ముందు లారీ కావలి దరిదాపుల్లో ఉంటే వెనక లారీ ఇంకా ఒంగోల్లోనే ఉన్నట్టు. ఎక్కడికక్కడ ఆగారు. డీజిల్ అయిపోయింది. ముందున్న బండిని కొడితే వెనకవన్నీ ఇరుక్కున్నాయి.

మరి రోడ్డు దిగి చేలల్లోంచి పోవచ్చు కదా? పోలేరు. కీవ్‌కి ఉత్తరాన అడవి, చిత్తడి నేల. ఇంకా దక్షిణానికి వస్తే యుక్రెయిన్ చేలల్లో ఎక్కువ భాగం చెర్నోజెం అనే మట్టి. ఆ మాటకి అర్థమే నల్లమట్టి. మన రేగడి బంకమట్టి, వాళ్లది ఆకూ అలమూ కుళ్లి బలిసిన మట్టి. గుణం వేరైనా నానితే రెండూ కాలు వదలవు. మంచు కరిగే వసంతంలో, వానల శరత్తులో దారులు బురదైపోయే కాలానికి రష్యన్లు ఏకంగా పేరే పెట్టుకున్నారు, రస్పుతిత్స అని. ఆ ఏడు చలికాలంలో నేల గట్టిగా గడ్డకట్టలేదు. టీ-72 ట్యాంకు 40 టన్నుల పైన బరువు. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాయి మోసుకొచ్చే ట్రైలర్‌ని ఈ చేలోకి దింపితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. దానికి తోడు యుక్రెయిన్ వాళ్లు ఆనకట్ట నీళ్లు వదిలి ఇర్పిన్ నది పక్క పల్లమంతా ముంచేశారు. ఏప్రిల్ మొదటి వారానికల్లా రష్యా కీవ్ వైపు నుంచి పూర్తిగా వెనక్కి పోయింది.

అదును చూసి కొట్టడం అంటే 2022 సెప్టెంబర్‌లో ఖార్కివ్ వైపు జరిగింది. యుక్రెయిన్ వేసవంతా దక్షిణాన రష్యా పట్టుకున్న ఖెర్సోన్ నగరం గురించే మాట్లాడింది. రష్యా సైన్యాన్ని అటు తరలించింది. తూర్పున పలచబడిన చోట, బలాక్లియా దగ్గర, సెప్టెంబర్ 6న దెబ్బ పడింది. నేల ఇంకా ఆరే ఉంది. నాలుగైదు రోజుల్లో రైళ్లకి కూడలి అయిన కుప్యాన్స్క్ దొరికింది. ఆ కూడలి పోతే ఇజ్యూమ్ పట్టణంలో ఉన్న రష్యా సైనికులకి సరుకు రాదు. వాళ్లు సామాన్లు వదిలేసి మరీ వెళ్లిపోయారు.

ఖెర్సోన్‌లో అంత పరుగు లేదు. అక్కడ పని చేసింది ఓపిక. ద్నీప్రో నది మీదున్న ఆంటోనివ్కా వంతెనని అమెరికా ఇచ్చిన హైమార్స్ రాకెట్లతో పదేపదే కొట్టారు. నెల్లూరు వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 2021 నవంబర్ వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే కూడా తెగితే చెన్నై, విజయవాడల మధ్య ఎన్ని బళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయో చూశాం. నది దాటి ఖెర్సోన్‌లో ఉన్న వేలమంది రష్యా సైనికులకి అదే పరిస్థితి. నవంబర్ 11న యుక్రెయిన్ సైన్యం ఊళ్లోకి వచ్చేసరికి రష్యన్లు వెళ్లిపోయారు.

తూర్పున ఉన్న బఖ్‌మూత్ గురించి ఎక్కువ చెప్పను. యుద్ధానికి ముందు 70 వేల మంది ఉన్న ఊరు. నెలల తరబడి వీధి వీధికీ పోరాడి 2023 మేలో పట్టుకున్నామని రష్యన్లు అన్నారు. అప్పటికి అక్కడ ఊరు లేదు. తన మనుషులే 20 వేల మంది పోయారని, రష్యా తరఫున పోరాడిన ప్రైవేటు సైన్యం వాగ్నర్ అధినేత ప్రిగోజిన్ స్వయంగా చెప్పాడు.

అసలు చూడాల్సింది 2023 వేసవిలో యుక్రెయిన్ చేసిన దాడి.

[విజువల్: రెండో ట్రాక్టర్ గట్టు మీదికి వస్తుంది.]

ఒక్క నిమిషం. మా బాబాయ్ ఏమంటున్నాడో వినండి. "ఒరే, ఆ గాడిలోనే రాకు. అది కూడా దిగబడుద్ది. గట్టు మీదే ఆపి గొలుసెయ్."

2023 జూన్ 8న మాలా తోక్‌మచ్కా అనే పల్లె దగ్గర ఇదే జరిగింది. ఎదురుగా కిలోమీటర్ల దూరం వరకూ రష్యా పాతిన మందుపాతరలు. ఎక్కువగా వాడిన టీఎం-62 ఓ పెద్ద స్టీల్ గిన్నె అంత ఉంటుంది, అందులో ఏడు కిలోల పైన పేలుడు మందు. మామూలుగా మనిషి అడుగేస్తే పేలదు, బండెక్కితే పేలుతుంది. ముందు ఒక యంత్రం నడిచి, వాటిని పేల్చుకుంటూ, ఒక బండి పట్టేంత సన్నటి బాట తీస్తుంది. మిగతావన్నీ ఆ గాడిలోనే రావాలి. ఆ యంత్రమే దెబ్బతింటే? పక్కకి తిరిగితే మందుపాతర, ఆగితే పైనుంచి ఫిరంగి, హెలికాప్టర్. జర్మనీ ఇచ్చిన లెపర్డ్ ట్యాంకు, అమెరికా ఇచ్చిన, సైనికుల్ని మోసే బ్రాడ్లీ బళ్లు ఒకదాని వెనక ఒకటి కుప్పగా పడి ఉన్న ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు.

తర్వాత యుక్రెయిన్ పద్ధతి మార్చింది. చేలకి గాలి అడ్డుగా పెంచిన చెట్ల వరసలుంటాయి, మనం సరుగుడు వేసుకున్నట్టు. పది పదిహేను మంది ఆ చెట్ల చాటున నడిచి, ఒక్కో వరసా పట్టుకుంటూ పోయారు. ఆగస్టు చివరికి రొబోతినె అనే చిన్న పల్లె చేతికొచ్చింది. అజోవ్ సముద్రం దాకా వెళ్లి క్రిమియా దారి తెంచాలన్నది లక్ష్యం. ఐదు నెలల్లో వెళ్లింది 17 కిలోమీటర్లు. ఒంగోల్లో బయల్దేరి టంగుటూరు కూడా చేరనట్టు. అప్పటి యుక్రెయిన్ సేనాని జలూజ్‌నీ, మొదటి ప్రపంచ యుద్ధంలోలా ఇది ప్రతిష్టంభనకి చేరిందని ఒప్పుకున్నాడు. ఆ మాట రష్యాతో పాటు సొంత ప్రభుత్వానికీ రుచించలేదు.

2024 ఆగస్టు 6న యుక్రెయిన్ ఎవరూ అనుకోని చోట, రష్యా గడ్డ మీదే, కుర్స్క్ వైపు చొరబడింది. సుద్జా పట్టణం దొరికింది. మొదట్లో జోరు చూసి నేనూ ఇంకేముంది అనుకున్నా. తప్పు లెక్క. సుద్జాకి సరుకు పోయే ప్రధాన రోడ్డు ఒక్కటే. చివరికి రష్యా డ్రోన్లు దాన్నే పట్టుకున్నాయి. అవి మామూలు డ్రోన్లు కావు. వెనక సన్నటి ఫైబర్ తీగ విప్పుకుంటూ పోతాయి, గాలిపటానికి దారం వదిలినట్టు. సిగ్నల్ తీగలోనే ఉంటుంది, గాలిలో సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ పెట్టినా లాభం లేదు. 2025 మార్చిలో సుద్జా మళ్లీ రష్యా చేతికి పోయింది.

ఇప్పుడు ముందువరసకి కిలోమీటర్ల దూరంలో ఉన్న లారీకి కూడా టెన్షనే. ట్యాంకులు గుంపుగా కనపడటం తగ్గిపోయింది. ఇద్దరు ముగ్గురు నడిచో, మోటార్ సైకిళ్ల మీదో పోతున్నారు.

[విజువల్: రొయ్యల చెరువు. పైన కట్టిన వల. గట్టు మీద కొంగలు.]

ఈ వల కొంగలు వాలకుండా కట్టింది. అక్కడ రోడ్లకి రెండు వైపులా గుంజలు పాతి, పైన ఇలాగే వలలు పరుస్తున్నారు, కిలోమీటర్లకి కిలోమీటర్లు. డ్రోన్ వచ్చి రెక్కలు చిక్కుకుని ఆగిపోతుంది. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరపు జాలర్ల పాత వలలు కూడా ఇందుకోసం అక్కడికి చేరాయి.

ఇది విని ఈ చెరువు కాపలా పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "వల చిరిగితే మళ్లీ ఎవరు అల్లుతున్నారు బాబూ, పైన అవి తిరుగుతుంటే?" చిరిగిన చోట సైనికులే నిచ్చెన వేసుకుని ఎక్కుతున్నారు పెద్దాయనా.