దేవుడి గూట్లో ఇనపరాయి

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో దేవుడి గూట్లో సింహాద్రి అప్పన్న పటానికీ, గంగ చెంబుకీ మధ్య ఒక రాయి ఉంది. నిమ్మకాయంత ఉంటుంది. నల్లగా, అక్కడక్కడ ఎర్రజీరలతో. చేతిలోకి తీసుకుంటే ఎవరైనా ఒకసారి ఉలిక్కిపడతారు, ఇంత చిన్న రాయికి అంత బరువేమిటని. శుక్రవారం గూడు తుడిచినప్పుడల్లా మా ఆవిడ చేతిగుడ్డకి ఎర్రమరక అంటుకుంటుంది. "మీ ఫ్రెండు రంగు ఎంత తుడిచినా పోవడం లేదండీ" అంటుంది. వాడు ఎర్రజెండా మనిషి లెండి.

2024 వెళ్ళిపోతోంది. ఏడాది చివర నాలుగు మాటలు చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆ రాయి దగ్గరే మొదలుపెడుతున్నాను.

వాడి పేరు చెప్పను. సభలో తన పేరు పిలిస్తే వెనక వరసలోంచి లేచి బయటికి పోయే రకం. విశాఖ వన్‌టౌన్‌లో ఒకే బడి, ఒకే బెంచీ మాది. నేను తపాలా ఆఫీసులో చేరి, రశీదులు రాస్తూ రిటైరయ్యాను. వాడు స్టీల్‌ప్లాంట్‌లో చేరాడు. మన ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఇనపరాయి కరిగించే పెద్ద కొలుములు, మూడు. వాటికి గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు. వాడు పనిచేసింది గోదావరి దగ్గర. "మా గోదావరికి ఇవాళ ఒంట్లో బాగోలేదురా" అనేవాడు, ఇంట్లో ఆవు సంగతి చెప్పినట్టు. నేను గుడికి వెళతాను, వాడు వెళ్ళడు. నేను ఓటేసినవాళ్ళకి వాడు వెయ్యడు. యాభై ఏళ్ళ పైచిలుకు ఇదే వరస.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "ఒరే, ముప్పై ఏళ్ళు ఆ దుమ్ము మింగాను. అదెక్కడ్నించి వస్తాదో ఒక్కసారీ చూళ్ళేదు. ఎల్దామేటి?"

అలా ఛత్తీస్‌గఢ్ ఇనుప గనుల దాకా వెళ్ళే కిరండూల్ పాసింజర్ ఎక్కాం. మన ఊళ్ళో ఆ బండిని అందరూ అరకు బండి అనే అంటారు. తెల్లారి ఏడు కాకుండానే బయల్దేరుతుంది. అరకు దాకా బోగీలో కాలు పెట్టే చోటు లేదు. దారిలో సొరంగాలు 58. చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తుంటే, అరవై ఆరేళ్ళ మా వాడు వాళ్ళకంటే గట్టిగా అరిచాడు. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను. శిమిలిగుడ స్టేషన్లో 996 మీటర్ల ఎత్తు అని రాసి ఉన్న బోర్డు దగ్గర అందరూ ఫోటోలు దిగారు. అరకు రాగానే బండి బండంతా ఖాళీ. ఆ తర్వాత బోగీలో మేమిద్దరం, పల్లీలు, పసుపు మూటలతో నలుగురు ఒడియా ఆడవాళ్ళు. కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్. ఎదురుగా ఖనిజం బండి వచ్చినప్పుడల్లా వాడు మాట ఆపేసి వ్యాగన్లు లెక్కపెట్టుకునేవాడు. నిజానికి ఆ లైను మన కోసం వేసింది కాదు. బైలడిలా కొండల ఇనుము విశాఖ రేవుకి చేర్చి జపాన్ పంపడానికి 1960లలో వేశారు. మనం అరకు చూడ్డానికి అందులో ఎక్కి కూర్చుంటున్నాం, అంతే.

బైలడిలా అంటే ఎద్దు మూపురం అట. కిరండూల్లో పొద్దున లేచి చూస్తే కొండ అలాగే ఉంది. గనిలోకి మామూలు మనుషుల్ని పోనివ్వరు. గేటు దగ్గర కాపలా కుర్రాడికి మా వాడు తన పాత గుర్తింపు కార్డు చూపించి, వచ్చీరాని హిందీలో పావుగంట బతిమాలాడు. లాభం లేకపోయింది. టీకొట్టు బెంచీ మీద కూర్చుని దూరంనుంచే చూశాం. అక్కడ మొదలుపెట్టాడు, మన ప్లాంటుకి సొంత గనులు లేకపోవడం గురించి. ఈ ప్రసంగం నేను వందసార్లు విన్నదే. "సొంత పొలం ఉన్నోడితో సమానంగా, బియ్యం కొనుక్కుని హోటల్ నడుపుతున్నాంరా. పైగా నష్టమొచ్చిందని వంటోణ్ణి తిడతారు." లేచి, పట్టాల పక్కన వ్యాగన్లోంచి జారిపడ్డ ఈ రాయి ఏరుకొచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ గూట్లో అన్ని రాళ్ళున్నాయి కదా. దీన్ని కూడా పెట్టుకో. ఇది కనీసం అన్నం పెట్టింది."

మే నెల మాకు పెద్ద హడావుడి. 10న సింహాచలంలో చందనోత్సవం, 13న పోలింగు. స్వామి ఒంటిమీది చందనం తీసి నిజరూప దర్శనం ఇచ్చేది ఏడాదికి ఆ ఒక్కరోజే. క్యూలో నిలబడి కాళ్ళు వాచి ఇంటికొస్తే, వాడు అప్పటికే మా వరండాలో ఉన్నాడు. "మీ అప్పన్న నయంరా, ఏడాదికోసారైనా నిజరూపం చూపిస్తాడు. మన నాయకులు అయిదేళ్ళకి కూడా చూపించరు" అన్నాడు. నవ్వాను. అది మాత్రం రెండు పార్టీలకీ సరిపోయే మాట కాబట్టి రేడియోలో చెబుతున్నాను.

ఎన్ని సీట్లు ఎవరికని పందెం కాశాం. ఓడినవాడు బీచిలో మురీ మిక్చర్ కొనాలి. జూన్ 4న 175లో 164 కూటమికి వచ్చేసరికి ఇద్దరి లెక్కలూ సముద్రంలో కలిశాయి. ఎవరి డబ్బులతో వాళ్ళం తిన్నాం. ఆ పొట్లాలు చేతిలో ఉండగానే గొడవైంది. ప్లాంటు మాటొచ్చింది. ప్రభుత్వం మాత్రం ఎన్నాళ్ళని నష్టాలు మోస్తుందిరా అన్నాను. పేపర్లో చదివిన మాటే, పెద్దగా ఆలోచించి అన్నది కాదు. వాడు పొట్లం మడిచి చెత్తబుట్టలో వేసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎందుకంత కోపమో నాకు తెలుసు. 1966లో మాకు ఎనిమిదేళ్ళు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని మా వీధిలో అరిచినవాళ్ళ వెనక మేమూ పరిగెత్తాం, అర్థం తెలియకపోయినా. ఆ ఉద్యమంలో 32 మంది పోయారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. యాభై ఏళ్ళకి, 2021 జనవరిలో అమ్మేస్తామన్న నిర్ణయం వచ్చింది. కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో వాడు ఎన్ని రోజులు కూర్చున్నాడో వాళ్ళావిడకే తెలియదు. రిటైరైనవాడికి పోయే ఉద్యోగం కూడా లేదు. అయినా కూర్చున్నాడు.

నెలన్నర మాటల్లేవు. ఆషాఢ పున్నమి ముందురోజు గిరిప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి తల తిప్పితే, వెనక సంచీ భుజానేసుకుని నిలబడున్నాడు. సంచీలో ప్రతి ఏడూ ఉండేవే: నొప్పుల మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, నాకు ఒక జత లుంగీ తువ్వాలు. దేవుణ్ణి నమ్మనివాడు నా వెంట ఈ నడక పన్నెండేళ్ళుగా నడుస్తున్నాడు. ఎందుకంటే, "దేవుడి కోసం కాదు, ఈడు ఎక్కడ పడిపోతాడోనని" అని అందరికీ చెప్పేవాడు. అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక. ఒక్క మాట లేదు. అప్పూఘర్ దగ్గర నేను సముద్రంలో మునుగుతుంటే బట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. పైకొచ్చాక తువ్వాలిచ్చి, "నష్టం అన్నావు కదా, వడ్డీ ఎంతో తెలుసా నీకు?" అని మొదలుపెట్టాడు. మాధవధార దాటేదాకా ఆపలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సెప్టెంబరులో మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడుస్తోందని పేపర్లో పడింది. ఆ రోజు నేనే ఫోన్ చేశాను. తీసి, ఏమీ మాట్లాడలేదు.

ఈ ఏడు దసరా అక్టోబరు 12న పడింది. సరిగ్గా పదేళ్ళ కిందట అదే తారీఖున హుద్‌హుద్. జమ్మి చెట్టు దగ్గర్నుంచి వచ్చి ఫోన్లో చాలాసేపు ఆ తుఫాను సంగతులే చెప్పుకున్నాం. పడిపోయిన చెట్ల మీంచి ఎక్కి దిగుతూ వాడు గాజువాక నుంచి మా ఇంటికి నడిచొచ్చిన సంగతి. అయిదు రోజుల తర్వాత, తెల్లవారుజామున, గుండె ఆగిపోయింది.

నేను వెళ్ళేసరికి కళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు వచ్చి ఉన్నారు. ఆరు గంటల లోపల తియ్యాలి కదా. దేహం ఆంధ్రా మెడికల్ కాలేజీకి రాసిచ్చేశాడు. వాళ్ళక్క పసుపునీళ్ళయినా పోయనివ్వండని ఏడ్చింది. వాళ్ళావిడ ఒప్పుకోలేదు. "ఆయన మాట ఆయనది వదినా" అంది, అంతే. నాకు కూడా లోపల అక్క పక్షమే. మంత్రం లేదు, నిప్పు లేదు, పదోరోజు లేదు. యూనియన్ వాళ్ళు జెండా కప్పారు. కాలేజీలో అనాటమీ విభాగంలో ఒక కాగితం రాసి, సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. పెట్టాను. వాళ్ళిచ్చిన కాగితం మీద తారీఖూ, ముద్రా సరిగా పడ్డాయో లేదో వెలుతురులోకి పట్టుకుని చూశాను. ఉద్యోగం అలవాటు. బయటికొచ్చాక తెలిసింది, నేను చూస్తున్నది దేనికి రశీదో.

కాలేజీ మీదుగా బస్సులో వారానికి రెండుసార్లయినా వెళతాను. శ్మశానం అయితే ఊరి బయట ఉంటుంది, తలుచుకున్నప్పుడు తలుచుకుంటాం. ఇది కలెక్టరాఫీసు దగ్గర, సిగ్నల్ పడితే అక్కడే ఆగుతుంది. తెల్లకోటు పిల్లలు రోడ్డు దాటుతుంటారు. వీళ్ళలో ఎవరో వాడి చెయ్యి చదువుకుంటున్నారు.

కార్తీక పున్నమికి బీచిలో వాడి పేరున ఒక దీపం వదిలాను. ఇది నా నమ్మకం, వాడి అనుమతి తీసుకోలేదు. మార్గశిరం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్ళాను. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరైనా తమ చేత్తో తామే పూజ చేసుకోవచ్చు. మా గుళ్ళన్నిట్లోకీ వాడికి నచ్చింది ఆ ఒక్కటే, ఆ రెండో సంగతి కోసం. మొదటి సంగతికి మాత్రం ఎగతాళి. నేను ఇల్లు కట్టుకునే రోజుల్లో మొక్కుకోవడానికి వెళుతుంటే, "ఏటిరా, ఆవిడకే స్లాబు లేదు, నీకేం ఇల్లు కట్టిస్తాది?" అన్నాడు.

మొన్న ఆఖరి గురువారం పూజకి మా ఆవిడ గూడంతా సర్ది, పటాలకి బొట్లు పెడుతూ రాయి దగ్గర ఆగింది. "దీనికీ పెట్టమంటారా?" అంది. వాడుంటే ఇంటి కప్పు ఎగిరేలా అరిచేవాడు. పెట్టకపోతే పటాల మధ్య అదొక్కటే బోడిగా కనిపిస్తోంది. కుంకుమ భరిణె మూత తీసే ఉంది. కాసేపాగు అన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు.

నమస్కారం.