ముంపు పటం ఎక్కడ తప్పుతుంది: బుడమేరు చెప్పే పాఠాలు

అందరికీ నమస్కారం.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో విజయవాడలో కృష్ణా నదిపై ఉన్న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరకూ నీరు కిందికి వెళ్లింది. బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. అయినా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాని నీటిని మళ్లింపు కాలువలోకి తిప్పి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ వరదలో మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు కూడా పడ్డాయి.

అంటే నది ఒడ్డు నుంచి ఇన్ని మీటర్లని గీత గీసి, లోపలివన్నీ ముప్పు ప్రాంతాలు, బయటివన్నీ క్షేమం అంటే విజయవాడలో కుదరదు. మరి ఎలా గీయాలి? మొదట ఎత్తుల సంగతి చూద్దాం, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి.

ఎత్తులను చిన్న చిన్న గడుల్లో (పిక్సెళ్లలో) చూపే పటాలే డీఈఎంలు. ఉచితంగా దొరికే, గడి వెడల్పు 30 మీటర్లున్న డీఈఎంలు ప్రధానంగా మూడు: నాసా ఎస్ఆర్‌టీఎం, మన ఎన్ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) భువన్ వెబ్‌సైట్‌లో ఇచ్చే కార్టోడెమ్, ఐరోపా కోపర్నికస్. ఎత్తులో దోషం ఎస్ఆర్‌టీఎంకి 16 మీటర్ల లోపు, కార్టోడెమ్‌కి 8 మీటర్లు, కోపర్నికస్‌కి 4 మీటర్ల లోపు అని వాటి లెక్క. పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాలో దోషం ఇంతకంటే తక్కువే. కానీ ఇంట్లోకి వచ్చిన నీరు నడుము లోతు. కొలబద్దలోని దోషం కొలిచేదానికంటే పెద్దదైనప్పుడు, ‘ఈ వీధిలో 1.27 మీటర్ల నీరు’ అని పటం మీద రాయడం జనాన్ని మోసపుచ్చడమే. ‘మోకాలి లోపు, నడుము దాకా, తల మునిగేంత’ అని మూడు తరగతులు చేస్తే చాలు, అదే నిజాయితీ.

ఇంకో రెండు చిక్కులు. కోపర్నికస్ డీఈఎం నేల ఎత్తు కాదు, పైకప్పుల ఎత్తు ఇస్తుంది. ఇళ్లు కిక్కిరిసిన పల్లపు కాలనీ అందులో మెరకలా కనిపిస్తుంది. ఇళ్లనూ చెట్లనూ తీసేసిన ఫ్యాబ్‌డెమ్ వాడితే ఈ బాధ తగ్గుతుంది. రెండోది, కార్టోడెమ్ ఎత్తులు సముద్రమట్టం నుంచి కాదు, ఎలిప్సాయిడ్ (భూమికి గణితంలో గీసిన నున్నటి ఆకారం) నుంచి. అందుకే కోస్తాలో అవి మైనస్‌లో వస్తాయి. జియాయిడ్ సవరణ (ఆ ఎత్తును సముద్రమట్టపు ఎత్తుగా మార్చడం) చేయకుండా వాటిని ఇరిగేషన్ వాళ్ల లెవెళ్లతో కలిపితే పదుల మీటర్ల తేడా వస్తుంది. గుండ్రటి భూమిని చదునైన పటంగా మార్చే ప్రొజెక్షన్ సంగతి ఒక్క మాట: విజయవాడకు యూటీఎం జోన్ 44, అనంతపురం పట్టణానికి 43.

ఇక నీటి దారి. ఎనికేపాడు దగ్గర బుడమేరు మరో కాలువ కిందుగా అండర్ టన్నెల్‌లో వెళ్తుంది. డీఈఎంకి ఆ టన్నెల్ తెలియదు, కాలువ గట్టు గోడలా కనిపిస్తుంది. ఆ స్థితిలో పటాలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ‘ఫిల్ సింక్స్’ (గుంటలు పూడ్చే పని) నడిపితే గట్టు వెనక భాగమంతా లేని చెరువై నిండుతుంది, వాగు మరో దారి పడుతుంది. కాబట్టి ముందు వంతెనలు, తూములు, టన్నెళ్లు ఉన్న చోట గీత గీసి ఆ పిక్సెళ్లను 5 మీటర్లు దించండి. ఆ తర్వాతే గుంటలు పూడ్చడం, ప్రవాహ దిశ, ఒక్కో చోటికి ఎన్ని పిక్సెళ్ల నీరు చేరుతుందనే లెక్క. 30 మీటర్ల పిక్సెల్‌లో చదరపు కిలోమీటరంటే దాదాపు 1,111 పిక్సెళ్లు. అన్ని పిక్సెళ్ల నీరు చేరిన చోట వాగు మొదలైనట్టు అనుకుని, వచ్చిన వాగుల గీతలను టోపోషీట్‌తో (సర్వే ఆఫ్ ఇండియా పటంతో) పోల్చి ఆ హద్దు సవరించుకోవాలి. ఆ వాగు అడుగు నుంచి ప్రతి పిక్సెల్ ఎంత ఎత్తులో ఉందో తీస్తే హ్యాండ్ అనే పొర వస్తుంది. పల్లాలు పట్టుకోవడానికి ఇది చక్కటి పద్ధతి. కానీ దీనికి గండి అంటే ఏమిటో తెలియదు. గట్టు బలహీనంగా ఉన్న చోట్లను విడిగా గుర్తించి, అక్కడ తెగితే నీరు ఎటు పోతుందో వేరే పటం వేయాలి.

మబ్బు పట్టినప్పుడు సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ ఆదుకుంటుంది. నిలిచిన నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. అయితే సెప్టెంబరులో కృష్ణా డెల్టాలో నాట్లు వేసిన మడి కూడా నల్లగానే ఉంటుంది, కొల్లేరు చుట్టూ చేపల చెరువులూ అంతే. వరదకు ముందు దృశ్యంతో తేడా తీయకపోతే పచ్చటి ఊళ్లన్నీ మునిగినట్టు చూపిస్తాం. అంతకంటే ప్రమాదకరమైనది దీనికి తిరగబడిన తప్పు. ఇరుకు వీధిలో నీటి మీద పడ్డ రాడార్ తరంగం గోడకు కొట్టుకుని ఉపగ్రహానికే తిరిగి వెళ్తుంది, ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. జనం ఎక్కువగా ఇరుక్కున్న వీధే పటంలో పొడిగా ఉంటుంది. రాడార్ పటం చూసి పడవలు పంపే ముందు ఇది గుర్తుండాలి.

ఇంతవరకూ చెప్పింది నీరు ఎక్కడికి వస్తుందనే. ఎవరు తట్టుకోలేరన్నది వేరే ప్రశ్న. మేడ లేని ఒంటి అంతస్తు ఇళ్లు, వృద్ధులు, పసిపిల్లలు, మంచం పట్టినవాళ్లు, ఆసుపత్రికి దూరం, ఇవన్నీ పటం మీద ఒక్కో పొర. జనాభా లెక్కలు 2011వి. ఆ తర్వాత లేచిన కాలనీలు వాటిలో లేవు, ఇళ్ల ఆకారాల డేటాతో జనాభాను పంచుకోవాలి. ప్రతి పొరనూ 0 నుంచి 1 లోపు కొలతకు తెచ్చేటప్పుడు దిశ చూసుకోండి: అక్షరాస్యత పెరిగితే ముప్పు తగ్గుతుంది, వృద్ధుల శాతం పెరిగితే పెరుగుతుంది. ఏహెచ్‌పీతో (పొరలను రెండేసి చొప్పున పోల్చి ప్రాధాన్యం లెక్కగట్టే పద్ధతి) తూకాలు ఇస్తే, ఆ పోలికల్లో పొంతన ఎంత తప్పిందో చెప్పే పొందిక నిష్పత్తి 0.10 దాటకూడదు. దాటకపోయినంత మాత్రాన తూకాలు సరైనవని కాదు. ఒక్కో తూకాన్ని 20 శాతం అటూ ఇటూ మార్చి చూడండి. పై పది వార్డులు తారుమారైతే ఆ వరుస నమ్మదగింది కాదు. ముంపునూ పేదరికాన్నీ కూడితే నీరే రాని పేద వార్డు కూడా ఎరుపెక్కుతుంది. కాబట్టి కూడొద్దు, గుణించండి.

రోడ్ల పొరను మరిచిపోవద్దు. 30 సెంటీమీటర్లు దాటి నీరున్న రోడ్లను తీసేసి, మిగిలిన దారుల్లో ఏ ఇళ్లకు అంబులెన్సు చేరదో లెక్క వేయాలి. ఒక్కోసారి ఇల్లు మునగదు, కానీ దారి మునుగుతుంది.

చివరగా, పటాన్ని వీధిలోకి తీసుకెళ్లి సరిచూడాలి. గోడ మీద మట్టి చార ఎక్కడుందో రోడ్డు నుంచీ, ఇంటి గడప నుంచీ రెండు కొలతలు తీయాలి. మూడు మెట్లు ఎత్తున్న ఇంటికీ మెట్లు లేని ఇంటికీ ఒకే వీధిలో ఒకటిన్నర అడుగు తేడా ఉంటుంది, ఏ ఉపగ్రహమూ దాన్ని చూడదు. దగ్గరి బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి ఆటో లెవెల్ అనే సర్వే పరికరంతో ఆ చారకు సముద్రమట్టపు ఎత్తు కట్టాలి. వార్డుకు పది పదిహేను చారలు చాలు, కానీ వార్డంతా పరుచుకుని ఉండాలి. ఆ ఎత్తులు ఒకదానికొకటి దగ్గరగా వస్తే నీరు నిలిచిందని, ఒక వైపుకు తగ్గుతూ పోతే పారిందని అర్థం. రెండింటికీ చేయాల్సిన పని వేరు: నిలిచే చోట నీరు బయటికి పోయే దారి కావాలి, పారే చోట గట్టు కావాలి. ఈ కొలతలు మాత్రం సంక్రాంతికి గోడలకు సున్నం వేసేలోపే పూర్తి కావాలి.